ఎడమకు లాగే కారు: లోపం ఎక్కడుందో మీరే పట్టుకోవడం ఎలా

స్టీరింగు మీద పట్టు కాస్త సడలించగానే కారు ఒక పక్కకు జరిగిపోతుంటే చాలామందికి తట్టే మాట ఒక్కటే: "అలైన్‌మెంట్ పోయింది." అంటే చక్రాల కోణాలు చెదిరాయని. నాకూ అదే తట్టింది. విశాఖలో మర్రిపాలెం నుంచి రోజూ గాజువాక వెళ్లివచ్చే నా చిన్న కారు ఒక వేసవిలో ఎడమకు లాగడం మొదలుపెట్టింది. నెల తిరగకుండా రెండుసార్లు అలైన్‌మెంట్ చేయించాను. రెండుసార్లూ యంత్రం తెర మీద గడులన్నీ పచ్చగా వెలిగాయి. రెండుసార్లూ కారు ఎడమకే పోయింది. ఆఖరికి కంచరపాలెం దగ్గర పంక్చరు వేయించుకుంటుంటే, ఆ కుర్రవాడు నా గోడు విని, "ముందు టైర్లు రెండూ అటూ ఇటూ మార్చి చూడండి సార్, పది నిమిషాల పని" అన్నాడు. మార్చాడు. ఇంటికి వెళ్లే దారిలో కారు కుడికి లాగింది. లోపం టైరులోనే ఉంది. అలైన్‌మెంట్‌కు పోసిన డబ్బు దండగే అయింది.

కాబట్టి అలైన్‌మెంట్‌ను మొదటి పనిగా కాకుండా చివరి పనిగా పెట్టుకోండి. గాలి, రోడ్డు, టైరు, బ్రేకు, చక్రాల కీళ్లు, ఆ తర్వాతే యంత్రం. ఒక ఆదివారం ఉదయం సరిపోతుంది. గాలి కొలిచే సొంత గేజి, జాకీ, వీల్ స్పానర్, కొలత టేపు, చక్రాల కింద పెట్టడానికి రెండు ఇటుకలు ఉంటే చాలు.

ముందు ఎలా లాగుతోందో రాసుకోండి

"లాగుతోంది" అనే ఒక్క మాట వెనక అయిదు వేరువేరు జబ్బులు ఉండవచ్చు. మెకానిక్ దగ్గరకు వెళ్లి ఆ ఒక్క మాటే చెబితే ఆయనకు తోచిన మందు ఆయన వేస్తాడు.

ఎప్పుడూ, ఏ వేగంలోనైనా ఒకే పక్కకు పోతోందా? ఈ వ్యాసంలో ఎక్కువ భాగం దాని గురించే. బ్రేకు వేసినప్పుడు మాత్రమే లాగుతోందా? అయితే అలైన్‌మెంట్ మాట మరిచిపోండి, అది బ్రేకులకో, లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింది నుంచి కారు చట్రానికి కలిపే చెయ్యి) బుష్‌కో, అంటే దాని రబ్బరు కీలుకో సంబంధించినది. బ్రేకు వేసినప్పుడు కారు కుడికి పోతే కుడి బ్రేకు గట్టిగా పడుతోందని, ఎడమది సరిగా పడటం లేదని అర్థం. అంటే చాలాసార్లు రోగం కారు లాగే వైపు కాదు, దానికి అవతలి వైపు ఉంటుంది. ఈ రకాన్ని వాయిదా వేయకండి, వానాకాలంలో అసలే వద్దు.

యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడు మాత్రమే పక్కకు ఒరిగితే, ముందు చక్రాలతో నడిచే కార్లలో అది కొంతవరకు సహజమే. ఇంజను నుంచి రెండు చక్రాలకు వెళ్లే ఇరుసుల పొడవులో తేడా ఉంటే అలా జరుగుతుంది. కొత్తగా మొదలైనా, రోజురోజుకు పెరుగుతున్నా ఇంజను మౌంట్లు, అంటే ఇంజనును పట్టి ఉంచే రబ్బరు దిమ్మలు చూపించండి.

నాలుగోది కాస్త వింతైనది. ఎన్ఏడీ కూడలిలో కుడికి చుట్టి వచ్చాక కారు కుడికే పోతూ ఉంటుంది. కాసేపటికి ఒక ఎడమ మలుపు తిరిగితే, అక్కడి నుంచి ఎడమకు లాగడం మొదలవుతుంది. చివరిగా ఎటు తిప్పామో అటే గుర్తుపెట్టుకుంటుందన్నమాట. ఇది స్ట్రట్ (స్ప్రింగు, షాక్ అబ్జార్బరు కలిసి ఉండే నిలువు భాగం) పైనుండే బేరింగు గానీ, బాల్ జాయింటు (చక్రం అటూ ఇటూ తిరగనిచ్చే గుండు కీలు) గానీ బిగుసుకుపోవడం వల్ల వస్తుంది. ఎన్నిసార్లు అలైన్‌మెంట్ చేయించినా పోదు.

ఇక అయిదోది: కారు తిన్నగానే పోతోంది, స్టీరింగు మాత్రం వంకరగా ఉంది. ఇది లాగడం కాదు. ఇది నిజంగా అలైన్‌మెంట్ పనే. కింది పరీక్షల్లో టైర్ల మార్పిడి, బ్రేకు సంగతి వదిలేసి తిన్నగా "యంత్రం దగ్గర" అన్న భాగానికి వెళ్లవచ్చు.

అన్నట్టు, 80 దాటాక స్టీరింగు వణికితే అది బ్యాలెన్సింగ్ లోపం, అంటే చక్రం బరువు చుట్టూ సమంగా లేకపోవడం. దుకాణాల బోర్డుల మీద రెండు మాటలూ కలిపి రాస్తారు కాబట్టి ఒకటే అనుకుంటాం. కాదు.

గాలి

కారు రాత్రంతా ఆగి ఉన్నాక, పొద్దున్నే, నాలుగు టైర్లలో గాలి చూడండి. ఎంత ఉండాలో డ్రైవరు తలుపు తెరిస్తే స్తంభం మీద స్టిక్కరు చెబుతుంది. ముందు రెండు టైర్ల మధ్య నాలుగైదు పీఎస్ఐ తేడా ఉంటే చాలు, కారు తక్కువ ఉన్న వైపుకు లాగుతుంది. పెట్రోలు బంకుల్లో గేజీలు ఒక్కోచోట ఒక్కోలా చూపిస్తాయన్నది నిజమే కానీ, లాగడం విషయంలో అసలు అంకె కంటే ఎడమ కుడి సమానంగా ఉండటం ముఖ్యం. అందుకే నాలుగింటికీ ఒకే గేజి వాడండి.

అదే చేత్తో టైరు పక్కన రాసి ఉన్న సైజు కూడా చదవండి. ఎప్పుడో పంక్చరు పడి ముందు వేసిన స్టెప్నీని మరిచిపోయి నెలల తరబడి నడిపేవారు ఉన్నారు. కొన్ని కార్లలో స్టెప్నీ సన్నగా ఉంటుంది. ముందు ఒక పక్క కొత్తది, ఒక పక్క అరిగినది ఉన్నా లాగవచ్చు.

ఏ రోడ్డు మీద చూడాలి

మన రోడ్లు వాన నీరు జారిపోవడానికి అంచు వైపు కొద్దిగా వాలి ఉంటాయి. తారు రోడ్డయితే మీటరు వెడల్పుకు సుమారు 2 సెంటీమీటర్లు. మనం ఎడమ పక్కన నడుపుతాం, వాలు ఎడమకే ఉంటుంది. కనుక ఏ లోపమూ లేని కారు కూడా వదిలేస్తే మెల్లగా ఎడమకు జారుతుంది. వెనక్కి తిరిగి వచ్చేటప్పుడూ మనం ఎడమ పక్కనే ఉంటాం కాబట్టి, ఇటు తిరిగినా అటు తిరిగినా ఈ వాలు ప్రభావం మారదు.

మారేది సముద్రపు గాలి. బీచ్ రోడ్డులో మధ్యాహ్నం పూట భీమిలి వైపు వెళ్తుంటే సముద్రం మీ కుడి చేతి వైపు ఉంటుంది. గాలి కుడి నుంచి తోస్తుంది, రోడ్డు ఎడమకు వాలుతుంది, రెండూ కలిసి మంచి కారును కూడా రోగిష్టిని చేసి చూపిస్తాయి. తిరుగు ప్రయాణంలో గాలి ఎడమ నుంచి వచ్చి వాలుతో సరిపెట్టేస్తుంది. "వెళ్లేటప్పుడు లాగింది, వచ్చేటప్పుడు లేదు" అని తల గోక్కునేది ఇందుకే. రుషికొండ దాటాక రోడ్డు ఎంత అందంగా ఉన్నా ఈ పరీక్షకు అది పనికిరాదు. తెల్లవారుజామున గాలి పెద్దగా వీచనప్పుడు, ఆనందపురం నుంచి పెందుర్తి మీదుగా అనకాపల్లి వెళ్లే ఆరు వరుసల రహదారిలో తిన్నటి భాగం చూసుకోండి. పక్క సీట్లో ఒకరు ఉండాలి, వెనక లారీలు దగ్గరలో ఉండకూడదు.

వేగం 60 దగ్గర నిలపండి. చేతులు స్టీరింగు నుంచి పూర్తిగా తీసేయకండి. అరచేతులు అంగుళం దూరంలో పట్టుకునేందుకు సిద్ధంగా ఉంచండి. పక్కవారిని ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టమనండి. కారు తన వరుస గీతను తాకడానికి అయిదారు అంకెలు పడితే, అదీ ఎడమకే అయితే, అది రోడ్డు వాలు. నా లెక్కలో అది లోపం కాదు. రెండు మూడు అంకెల్లోనే గీత దాటబోతే లోపం ఉంది. ఎడమకు వాలిన రోడ్డు మీద కారు కుడికి పోతుంటే ఇక లెక్కపెట్టనక్కరలేదు, లోపం ఉన్నట్టే. రెండు దిశల్లోనూ రెండేసి సార్లు చేసి, అంకెలు కాగితం మీద రాసుకోండి. తర్వాతి ప్రతి మార్పునూ ఈ అంకెలతోనే పోల్చి చూడాలి.

టైర్ల మార్పిడి

నాకు అంత ఖర్చు తప్పించగలిగి ఉండిన పరీక్ష ఇది. టైరు లోపలి ఉక్కు తీగల పొర ఒక పక్కకు కాస్త తప్పి ఉంటే, టైరు పైకి గుండ్రంగా కనిపిస్తూనే లోపల శంకువులా ప్రవర్తిస్తుంది. ఆర్కే బీచ్‌లో కొన్న వేరుశనగల పొట్లాన్ని నేల మీద దొర్లించి చూడండి. తిన్నగా పోదు, మొన వైపు తిరుగుతూ గుండ్రంగా చుట్టేస్తుంది. అలాంటి టైరు ముందు చక్రానికి ఉంటే కారును తన వైపుకో అవతలి వైపుకో తిప్పేస్తూ ఉంటుంది. కంటికి కనపడదు, బ్యాలెన్సింగ్ యంత్రానికీ దొరకదు. కొత్త టైరులోనూ ఉండవచ్చు.

సమతలమైన చోట కారు ఆపి, హ్యాండ్ బ్రేకు వేసి, వెనక చక్రాలకు ముందొక ఇటుక వెనకొక ఇటుక పెట్టండి. నట్లను చక్రం నేల మీద ఉండగానే సగం వదులు చేయండి. ముందు ఎడమ చక్రాన్ని కుడికి, కుడి చక్రాన్ని ఎడమకు మార్చండి. ఒక జాకీతో చేయాలంటే స్టెప్నీ సాయం తీసుకోవాలి. ఓపిక లేకపోతే పంక్చరు దుకాణంలో చేయిస్తే సరి. నట్లు ఒకదాని పక్కన ఒకటి కాకుండా ఎదురెదురుగా బిగించండి. జాకీ మీద ఉన్న కారు కిందకు మాత్రం ఏ కారణంతోనూ దూరకండి.

టైరు పక్కన బాణం గుర్తు ఉంటే అది ఒకే దిశలో తిరగవలసిన టైరు. దాన్ని పక్కలు మార్చకూడదు. అదే పక్కన ముందుది వెనక్కి, వెనకది ముందుకు మార్చండి.

మళ్లీ అదే రోడ్డు, అదే వేగం, అదే లెక్క. ఎడమకు లాగినది ఇప్పుడు కుడికి లాగితే టైరే దొంగ. ఎడమకే లాగుతుంటే టైర్లు నిర్దోషులు, ముందుకు సాగండి. లాగడం పూర్తిగా మాయమైతే అలాగే ఉంచేయండి. దొంగ టైరును పారేయనక్కరలేదు, వెనక చక్రానికి వేస్తే దాని ప్రభావం బాగా తగ్గుతుంది. కొత్తగా కొన్నదైతే మాత్రం అమ్మిన దుకాణంలో వారంటీ అడగండి.

బ్రేకు పట్టేస్తోందా

వైజాగ్‌లో సముద్రానికి దగ్గరగా, ఆరుబయట నిలిపే కార్లకు ఇది ప్రత్యేకంగా చూడాలి. ఉప్పు గాలికి కాలిపర్ (బ్రేకు ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం) జారే పిన్నులు తుప్పు పట్టి బిగుసుకుపోతాయి. పెడల్ వదిలినా ప్యాడ్ డిస్కును వదలదు. దీని గుర్తు ఏమిటంటే, ఉదయం బయలుదేరినప్పుడు బాగానే ఉండి, అయిదారు కిలోమీటర్లు పోయేసరికి లాగడం పెరుగుతుంది.

బ్రేకు వీలైనంత తక్కువ వాడుతూ పది కిలోమీటర్లు నడిపి, మెల్లగా దానంతట అదే ఆగేలా ఆపండి. నాలుగు రిమ్ముల దగ్గరకూ అరచేతి వెనక భాగాన్ని తీసుకెళ్లండి, తాకకండి. ముందువి వెనకవాటి కంటే వేడిగా ఉండటం మామూలే. ముందు రెండింటిలో ఒకటి మాత్రం సెగ కొడుతుంటే ఆ బ్రేకు పట్టేసినట్టే. సింహాచలం కొండ దిగి వచ్చి ఈ పరీక్ష చేయకండి. ఘాట్ రోడ్డు దిగాక ఎవరి బ్రేకులైనా కాలుతూనే ఉంటాయి.

అనుమానం వస్తే ఆ చక్రాన్ని జాకీతో లేపి, గేరు న్యూట్రల్‌లో పెట్టి చేత్తో తిప్పండి. కాస్త రాపిడి చప్పుడు సహజం. రెండు చేతులతో బలంగా తోసినా అర చుట్టు తిరిగి ఆగిపోతే కాలిపర్ విప్పించి పిన్నులు శుభ్రం చేయించి, దానికి తగిన గ్రీజు పెట్టించాలి. బ్రేకు గొట్టం లోపల ఉబ్బిపోయినా ఇదే లక్షణం కనిపిస్తుంది, దాన్ని కూడా చూడమనండి.

చక్రం ఊపి చూడండి

ముందు చక్రం గాల్లో ఉండగానే రెండు పక్కలా, గడియారంలో తొమ్మిది, మూడు ఉండే చోట పట్టుకుని లోపలికి బయటికి ఊపండి. టక్కుమని కదిలితే టై రాడ్ ఎండ్, అంటే స్టీరింగు నుంచి చక్రానికి వెళ్లే కడ్డీ చివరి కీలు అరిగింది. పైనా కిందా పట్టుకుని ఊపితే కదులుతోందా? బాల్ జాయింటో చక్రం బేరింగో. లోయర్ ఆర్మ్ బుష్ చిరిగిందా లేదా అన్నది ఇంట్లో తేల్చడం కష్టం, మెకానిక్ ఇనుప కడ్డీతో ఒత్తి చూస్తాడు. షీలానగర్, గాజువాక వైపు లారీల మధ్య గుంత తప్పించుకునే వీలు లేక దబ్బున పడిన కారయితే ఆ బుష్ చూడకుండా వదలవద్దు. అరిగిన కీళ్ల మీద అలైన్‌మెంట్ చేయించడం, వదులైన తలుపుకు గడియ సరిచేయడం లాంటిది. దుకాణం గుమ్మం దాటేసరికి కొలతలు మారిపోతాయి.

సమతలమైన నేల మీద చక్రం మధ్యబిందువు నుంచి పైన రేకు అంచు దాకా టేపుతో కొలవండి. ఎడమకు కుడికి సెంటీమీటరు మించి తేడా వస్తే ఒక స్ప్రింగు కుంగిందో విరిగిందో చూడాలి.

టైరు మీద అరచేయి

ఇంకో ఆధారం మిగిలింది. టైరు గాట్ల మీద అరచేతిని బయటి నుంచి లోపలికి ఒకసారి, లోపలి నుంచి బయటికి ఒకసారి నిమరండి. పండుగప్పను తల నుంచి తోకకు నిమిరితే నున్నగా, తోక నుంచి తలకు నిమిరితే పొలుసు గీరుకున్నట్టు, ఒక దిశలో నున్నగా ఇంకో దిశలో గరుకుగా తగిలితే అది టో లోపం. పైనుంచి చూసినప్పుడు రెండు చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండటాన్నే టో అంటారు. లోపలికి నిమిరినప్పుడు నున్నగా ఉంటే చక్రాలు లోపలికి తిరిగి ఉన్నాయి, బయటికి నిమిరినప్పుడు నున్నగా ఉంటే బయటికి. గరుకు లేకుండా ఒక అంచు మాత్రమే నున్నగా అరిగిపోతే క్యాంబర్, అంటే చక్రం నిలువులో వంపు. రెండు అంచులూ అరిగితే గాలి తక్కువ, నడుమ అరిగితే గాలి ఎక్కువ.

యంత్రం దగ్గర

ఇవన్నీ దాటి వచ్చాక కూడా కారు లాగుతుంటే అప్పుడు అలైన్‌మెంట్. ఆటోనగర్‌లోనైనా మీ పేటలోనైనా నాలుగు చక్రాలనూ కొలిచే యంత్రం ఉన్న చోటికే వెళ్లండి. డిక్కీలో సామాన్లు తీసేయండి. ముందు రోజు రాత్రి టై రాడ్ లాక్ నట్ల మీద తుప్పు వదిలించే నూనె కొట్టించగలిగితే మరీ మంచిది. మన ఊళ్లో ఈ నట్లు తుప్పుతో కరుచుకుపోతాయి. ఒక పక్క నట్టు కదలకపోతే కొందరు పనివాళ్లు రెండో పక్క మాత్రమే తిప్పి మొత్తం టో కుదిర్చేస్తారు. కొలత కుదురుతుంది, స్టీరింగు వంకరగా మిగులుతుంది.

పని దగ్గరుండి చూడండి. చక్రాలకు పలకలు తగిలించాక కారును కొద్దిగా వెనక్కీ ముందుకూ దొర్లించాలి, రిమ్ము వంపును యంత్రం లెక్కలోంచి తీసేయడానికి. స్టీరింగును ఎడమకూ కుడికీ తిప్పి క్యాస్టర్ కొలవాలి, అంటే పక్క నుంచి చూసినప్పుడు చక్రం ఏ అక్షం మీద మలుగుతుందో దాని వాలు. సర్దే ముందు స్టీరింగును నడిమధ్యన పెట్టి బిగించాలి. క్యాస్టర్ కొలత ఎగ్గొట్టడం చాలా చోట్ల చూశాను, దాన్ని సర్దే వీలు లేదు కదా అంటారు. సర్దలేకపోయినా లాగడానికి కారణం అక్కడే దొరుకుతుంది. సర్దక ముందు ఒక ప్రింటు, సర్దాక ఒక ప్రింటు అడిగి తీసుకోండి. మొదటి కాగితమే విలువైనది.

కాగితం చదవడం

"అంతా పచ్చగానే ఉంది కదా సార్" అన్నప్పుడు నాలా తలూపి వచ్చేయకండి. పచ్చ రంగు ఒక్కో చక్రం తన హద్దుల్లో ఉందని మాత్రమే చెబుతుంది. కారును లాగేది ఎడమకూ కుడికీ మధ్య తేడా. ఉదాహరణకు క్యాస్టర్ హద్దు 2 నుంచి 4 డిగ్రీలు అనుకోండి. ఎడమ 2.4, కుడి 3.6 ఉంటే రెండూ పచ్చే, కానీ తేడా 1.2 డిగ్రీలు. కారు క్యాస్టర్ తక్కువ ఉన్న వైపుకు, అంటే ఎడమకు పోతుంది. క్యాంబర్‌లో దీనికి తిరగబడిన లెక్క: ఎక్కువ ధన విలువ ఉన్న వైపుకు లాగుతుంది. ఎడమ మైనస్ 10 నిమిషాలు, కుడి మైనస్ 50 నిమిషాలు ఉంటే ఎడమదే ఎక్కువ, కాబట్టి ఎడమకు. ఒక డిగ్రీకి 60 నిమిషాలు. కాగితం మీద ఉన్నవి డిగ్రీలో నిమిషాలో చూసుకుని చదవండి. రెండింటిలో దేనిలోనైనా తేడా అర డిగ్రీ దాటితే అనుమానించవచ్చు.

ముందు చక్రాల టో మాత్రం కారును పెద్దగా లాగదు. నడుస్తున్నప్పుడు రెండు చక్రాలు దాన్ని సమంగా పంచుకుంటాయి. అది టైర్లు తింటుంది, స్టీరింగును వంకర చేస్తుంది. వెనక చక్రాల టో ఒక పక్కకు తిరిగి ఉంటే కారు వెనక భాగం పక్కకు నడుస్తూ, ముందు మీరు స్టీరింగు వంచి పట్టుకోవలసి వస్తుంది. కాగితంలో థ్రస్ట్ కోణం అని ఉండేది ఇదే. సున్నాకు దగ్గరగా ఉండాలి.

ఇక్కడ ఒక నిజం తెలుసుకోవాలి. మన చిన్న కార్లలో చాలావాటికి సర్దగలిగేది ముందు టో ఒక్కటే. క్యాంబర్, క్యాస్టర్ తేడా వచ్చాయంటే ఏదో వంగిందనో జరిగిందనో అర్థం: లోయర్ ఆర్మ్, స్ట్రట్, లేదా వాటిని మోసే సబ్‌ఫ్రేమ్. సబ్‌ఫ్రేమ్ బోల్టులు వదులు చేసి కొన్ని మిల్లీమీటర్లు జరిపితే రెండు వైపులూ సమానమైన సందర్భాలు ఉన్నాయి, ముందు అది అడగండి. వంగిన భాగాన్ని మార్చాలి. స్ట్రట్‌ను అక్కడికక్కడే వంచి కొలత కుదిరిస్తామంటే ఒప్పుకోకండి. స్టీరింగు చక్రం ఊడదీసి తిప్పి బిగిస్తామన్నా వద్దనండి. వంకర కనపడకుండా పోతుంది తప్ప కారణం అలాగే ఉంటుంది, లోపలి ఎయిర్‌బ్యాగు తీగలకూ అది మంచిది కాదు. ఎలక్ట్రిక్ స్టీరింగు ఉన్న కొన్ని కార్లలో మాత్రం పని అయ్యాక స్కానరుతో స్టీరింగు సున్నాను మళ్లీ నమోదు చేయాలి. అది మరిచిపోతే కొలతలన్నీ కుదిరినా మోటారే ఒక పక్కకు తోస్తూ ఉండవచ్చు.

డబ్బు ఇచ్చేముందే తాళం తీసుకుని ఒకసారి నడిపి రండి, స్టీరింగు నిలువుగా ఉందా అన్నంత వరకైనా తెలుస్తుంది. మర్నాడు తెల్లవారుజామున అదే రహదారి మీద, అదే వేగంలో, పక్కన అదే మనిషితో లెక్కపెట్టించండి. నాకు దొంగ టైరు వెనక్కి వెళ్లాక ఆరు వచ్చింది, ఎడమకే. ఆ అంకెనూ, మీటరు మీద కిలోమీటర్లనూ రెండో ప్రింటు వెనక రాసి డ్యాష్‌బోర్డులో పడేయండి. చక్రాలు విప్పి బిగించారు కాబట్టి 50 కిలోమీటర్లు తిరిగాక నట్లు మరొక్కసారి స్పానరుతో చూడండి.